గడ్డి మీద కురిసిన వాన

బెంగుళూరు, 16-6-58

అమ్మా, నేను కులాసా. తిమ్మరాజు మామ చూసిపోయి నీకు చెప్పినట్టు నాకు పిచ్చేమీ పట్టలేదు. నేను ఇనుప ఫోర్కుతో నేలను గుచ్చుతున్న మాట నిజమే. ఇది గోల్ఫు ఆడే మైదానం. ఆడేవాళ్ళు తొక్కి తొక్కి గడ్డి కింద మన్ను బిగిసిపోతుంది, నీళ్ళు దిగవు. అందుకని వెనక్కి నడుస్తూ బెజ్జాలు పొడిచి, వాటిలోకి ఇసుక తోస్తాం. నా జీతం దానికే.

నిన్న సగం పొడిచామో లేదో వాన దంచింది. అందరూ షెడ్డులోకి పరుగెత్తారు. నేను నిలబడి చూశాను. పొడిచిన చోట ఒక్క చుక్కా పక్కకు పారలేదు, అంతా బెజ్జాల్లోకే దిగింది. మా హెడ్ మాలి వెంకటేశులన్న సొంతూరు హిందూపురం. "ఏమప్పా, తడుస్తాండావు, ఈడికి రా!" అని కేకేశాడు. "ఈ గడ్డికి కొళాయి ఉండాది కదన్నా, దీనికెందుకు వాన?" అన్నాను. ఆయనకూ ఊళ్ళో మెట్టచేను ఉంది. వచ్చి నా పక్కన తడుస్తూ నిలబడ్డాడు.

ఎర్రావు ఈనిందా? నా కంబళి ఎవరైనా వస్తుంటే పంపు. ఎంత ఇబ్బందైనా విత్తనం చెనక్కాయలు మాత్రం అమ్మవద్దు. నాయనకు దండాలు, చెల్లెలికి దీవెనలు.

ఆ మబ్బు మన పెనుకొండ దిక్కుగానే పోయింది. నన్ను తడిపి పోయిన ఆ వాన మన చేను దాకా వచ్చిందో, కొండ అవతలే ఆగిపోయిందో, నాయననడిగి ఒక్క ముక్క రాయించు.

నీ కొడుకు
ముత్యాలప్ప