ఆరు బస్తాలు, నాలుగు పరుపులు, ఒక గిటార్

కొత్తగూడ
శుక్రవారం పొద్దున

కింది ఇంట్లో కిరాయికి ఉంటున్న బాలు గారికి, పై ఇంటి రామచంద్రం నమస్కారం.

మెట్ల మీద ఎదురైతే నాకు మాట రాదు. మీకూ రాదని గమనించాను. అందుకని మీ పాల సంచిలో ఈ చీటీ పెడుతున్నాను.

మీరు దిగిన రోజు నుంచి మీ చిన్న గదిలో మా సామాను ఉంది. ఆరు బస్తాల బియ్యం, నాలుగు పరుపులు, పాత ఇనుప బీరువా. మా ఆవిడ కిష్టమ్మ పుట్టింటి బియ్యం. పైన జాగా లేక అక్కడ పెట్టాం. కిరాయి మీది, నిద్ర మా బియ్యానిది. ఇది న్యాయం కాదని ఈ ఆదివారం నాకు గట్టిగా అనిపించింది. నిన్న మీరు ఆఫీసులో ఉండగా రెండో తాళంచెవితో తలుపు తీసి బియ్యం, పరుపులు పైకి చేర్పించాను. తప్పు మన్నించండి.

ఇట్లు,
రామచంద్రం

తా.క. ఆదివారం మీరు ఒకే పాట పదకొండు సార్లు వాయించారు. తొమ్మిదోది బాగుంది.

*

సోమవారం

రామచంద్రం అంకుల్ గారికి, కింది ఇంటి బాలు నమస్కారాలండి.

తొమ్మిదోదే బాగుందని ఎలా కనిపెట్టారండీ! నేను ఉంచుకున్నదీ అదే.

మీకు కొంచెం వివరంగా రాయాలి. మా ఆఫీసు వేడుక ఈ నెలాఖరున. దానికి నేనొక పాట కట్టాను. మా టీంలో ఉమాశ్రీ గారని ఉన్నారు, ఆవిడ పాడాలి. నాకు తీరేది ఆదివారాలే కాబట్టి వారానికో చరణం చొప్పున ఇంట్లోనే గిటార్ రికార్డు చేస్తున్నాను. మొదటి ఆదివారం తేనెలా వచ్చింది. నిన్న రెండో చరణం వాయిస్తే బాత్రూంలో కూర్చుని వాయించినట్టు మోగింది. పైగా లావు తీగ మీటినప్పుడల్లా ఎక్కడో జుయ్ మంటోంది. రెండూ కలిపి వినిపిస్తే ఉమాశ్రీ గారు, "బాలూ, పాట మధ్యలో ఇల్లు మారావా? రెండూ ఒకేలా వస్తే పాడతా. లేదంటే మన టీం ఆకాష్ కూడా తన పాట పాడమని అడుగుతున్నాడు," అన్నారు.

అంకుల్, నేను ఏమీ మార్చలేదండి. అవే తీగలు. యాంప్ అంటే గిటార్ శబ్దం పెంచే నల్లడబ్బా, దాని మీటలు ఎక్కడున్నాయో ఫోటో తీసి పెట్టుకున్నాను. కుర్చీ కాళ్లకూ మైకుకూ నేల మీద టేపుతో గుర్తులు పెట్టాను. గిటార్‌కీ మైకుకీ మధ్య జానెడు దూరం, అదే జాన. మారిందల్లా మీ సామానే. బస్తాలూ పరుపులూ శబ్దాన్ని పీల్చుకునేవి. కాబట్టి దయచేసి మీ ఆరు బస్తాల బియ్యం, నాలుగు పరుపులు మళ్లీ నా గదిలో పెట్టించండి. అవి లేకపోతే నాకు తోచడం లేదు.

మీ
బాలు

తా.క. ఏమీ మారకూడదని చొక్కా కూడా అదే వేసుకున్నానండి, వారం ఉతక్కుండా. దానివల్ల మాత్రం ఏ లాభమూ కనబడలేదు.

*

గురువారం

గౌరవనీయులైన బాలు గారికి,

మీ ఉత్తరం చదివి తల ఎత్తుకోలేకపోయాను. ఇంతకు ముందున్న కిరాయిదారు నోటితోనే తిట్టాడు. తేలిగ్గా అర్థమైంది. "అవి లేకపోతే నాకు తోచడం లేదు" అని ఇంత మర్యాదగా నన్ను ఎవరూ తిట్టలేదు. రెండుసార్లు చదివాక గానీ దెబ్బ తగల్లేదు.

తప్పు సగమే దిద్దుకున్నానని తెలిసింది. బీరువా ఇంకా మీ గదిలోనే ఉంది కదా. అదీ తీయించాను. మా పాత పరదా తీయించాను. గోడకు తగిలించిన కిష్టమ్మ బొంత తీయించాను. పెయింటర్ తిరుపతిని పిలిచి సున్నం కూడా వేయించాను. ఇప్పుడు ఆ గదిలో మాది అనేది మేకు కూడా లేదు.

ఇక మీకు పరేషాన్ ఉండదు.

సిగ్గుపడుతూ,
రామచంద్రం

తా.క. నేల మీద ఎవరో అంటించిన టేపు ముక్కలు ఉంటే తిరుపతి కత్తితో గీకి శుభ్రం చేశాడు. మీ నల్లడబ్బా మీది మీటలు తలో దిక్కు తిరిగి ఉన్నాయట. అన్నీ వరసగా సున్నా మీద పెట్టాడు. పనిమంతుడు.

*

గురువారం సాయంత్రం

అంకుల్ గారూ!

నేను తిట్టలేదండి! ఒట్టు!

ఆఫీసు నుంచి రాగానే గది తలుపు తీసి ఒక్క తుమ్ము తుమ్మాను. మూడు తుమ్ములు వినబడ్డాయి. ఫంక్షన్ హాలు కూడా ఇంత మోగదు. మీటల సంగతి ఫోటో చూసి సరిచేసుకుంటాను. టేపు గుర్తుల సంగతి భగవంతుడు చూసుకుంటాడు. ఈ ఆదివారం ఇక వాయించలేను. పై ఆదివారం ఒక్కటే మిగిలింది. అప్పటికి రెండో, మూడో చరణాలు మొదటి దానిలా రాకపోతే ఉమాశ్రీ గారు ఆకాష్ పాట పాడతారు. వాడి పాటలో ఉన్నవి మూడే మాటలు, రెండు ఇంగ్లీషువి.

ఇది వెటకారం కాదండి. సూటిగా రాస్తున్నాను. నాకు బియ్యం కావాలి. ఆరు బస్తాలు. నాకు పరుపులు కావాలి. చేతులు జోడించి అడుగుతున్నాను.

మీ
బాలు

తా.క. తిరుపతి గారు మళ్లీ రావద్దండి.

*

ఆదివారం

చిరంజీవి బాలుకు రామచంద్రం ఆశీస్సులు.

మీ చీటీ ఈసారి కిష్టమ్మ చేతిలో పడింది. "నాకు బియ్యం కావాలి, చేతులు జోడించి అడుగుతున్నాను" అన్నచోట ఆగింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"గింత పెద్ద నౌకరి జేస్తడు, ఇంట్ల బియ్యం గింజ లేదా! పైసలన్ని ఆ గిటారుకే పెట్టినట్టున్నడు. పండనీకె పరుపు గూడ లేదంట. నువ్వేమో ఉన్న బీరువ గూడ గుంజుకొస్తివి. మనిషివేనా?" అని నన్ను అరిచింది.

పాట కోసమని చెప్పాను. "పాటకు బియ్యమెందుకయ్యా, అక్షింతలకా?" అన్నది.

అందుకే సంచి పక్కన టిఫిన్ డబ్బా ఉంది. అన్నం, పప్పు, గోంగూర. మొహమాటపడకుండా తినండి.

సామాను సంగతి. నాలుగు బస్తాలు ఇంట్లోనే ఉన్నాయి. రెండు చందానగర్‌లో మా మరదలు పార్వతమ్మకు పంపాం. ఇచ్చిన బియ్యం వెనక్కి అడగడం మా వైపు లేదు. ఆటో మాట్లాడుకుని పోయి అడిగాను. ఆమె ఏమన్నదో రాయను. రెండూ వచ్చాయి. పరుపులు, బీరువా, పరదా, బొంత కూడా రేపు దింపిస్తాను.

ఒక్క లోపం ఉంది. పార్వతమ్మ ఒక బస్తాలో ఐదు కిలోలు వండేసింది. పాటకు అంత తక్కువైతే నడుస్తుందా?

ఇట్లు,
మీ మేలు కోరే రామచంద్రం

తా.క. ఖాళీ డబ్బా సంచిలో పెట్టండి. కడగకండి, కిష్టమ్మ నొచ్చుకుంటుంది. మీరు కడిగింది ఆమె మళ్లీ కడుగుతుంది.

*

గురువారం

అంకుల్ గారికీ ఆంటీ గారికీ నమస్కారాలండి.

ఐదు కిలోల తేడా నా చెవికి తెలియలేదు. మోగడం పూర్తిగా పోయింది! బస్తాలను చూసి ఇంత సంతోషించిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఈ ఐటీ కారిడార్ మొత్తంలో నేనొక్కడినేనేమో.

కానీ ఆ జుయ్ మాత్రం పోలేదండి. లావు తీగ మీటితే చాలు, ఈగ జోరీగ అయినట్టు. మొదటి ఆదివారం రికార్డులో అది లేదు, నలభై సార్లు విన్నాను. తీగలు బిగించాను, వదులు చేశాను. మైకు మార్చాను. ఫ్యాను ఆపాను. ఫ్రిజ్ ఆపాను, పాలు విరిగాయి. ఆ రోజు గదిలో ఏదో ఉంది, ఇప్పుడు లేదు. అదేమిటో తెలియక పిచ్చెక్కుతోంది.

ఆదివారం ప్రగతి నగర్ నుంచి ఉమాశ్రీ గారిని నేనే బండి మీద తీసుకొస్తున్నాను. గిటార్ కుదిరితే అక్కడికక్కడే పాడేస్తానన్నారు. కుదరకపోతే వచ్చిన దారినే ఆకాష్ దగ్గరికి.

మీ
బాలు

తా.క. గోంగూర అమోఘం. నాకు తిండికి లోటు లేదని ఆంటీ గారికి చెప్పాలా వద్దా అని రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. వద్దనే అనిపిస్తోంది.

*

సోమవారం పొద్దున

అంకుల్!

కుదిరింది! జుయ్ దానంతటదే పోయింది. రెండు చరణాలూ మొదటి దాంట్లో పాలూ నీళ్లలా కలిసిపోయాయి. ఉమాశ్రీ గారు పాడేశారు. మీ బియ్యానికి దండం పెట్టాలి.

సాయంత్రం ఆవిడను దింపి వచ్చాను. నిజానికి పాట ఒక సాకు, ఆవిడతో ఇంకో మాట చెబుదామనుకున్నాను. కుదర్లేదు. పోనీలెండి.

మీ
బాలు

*

మంగళవారం

చిరంజీవి బాలుకు,

నేను ఇంత పొడుగు ఉత్తరం ఎన్నడూ రాయలేదు. ఓపికగా చదవండి.

జుయ్ దానంతటది పోలేదు. అది మా బీరువా తలుపు. గడియ వదులు. మీ లావు తీగ మోగితే అదీ వణుకుతుంది. మొదటి ఆదివారం అది ఎందుకు వణకలేదంటే, దానికి వీపు ఆనించి నేను కూర్చున్నాను.

ఆ రోజు మీరు బయటికి పోయారని కిష్టమ్మ ఒక డబ్బాడు బియ్యం తెమ్మన్నది. రెండో తాళంచెవితో వచ్చాను. అంతలో మీరు తిరిగి వచ్చారు. అడగకుండా ఇంట్లోకి వచ్చిన ఓనర్‌ని మీ ఎదుట ఎట్లా పడాలి? బస్తాల వెనక, బీరువా పక్కన ఒక మనిషి పట్టేంత సందు ఉంది. అందులో కూర్చున్నాను. మీరు సరాసరి ఆ గదిలోకే వచ్చి గిటార్ పట్టుకున్నారు. బీరువా తలుపు చప్పుడు చేస్తే వెనక్కి చూస్తారని భయపడి వీపుతో ఒత్తిపట్టాను. పదకొండు సార్లు వాయించారు. అన్నిసార్లూ ఒత్తిపట్టాను. ఆ సిగ్గుతోనే సామాను తీయించాను.

మీ గురువారం ఉత్తరంలో జుయ్ అని మళ్లీ చదవగానే నాకు అర్థమైంది. చెబితే దొంగతనంగా వచ్చిన సంగతి చెప్పాలి. అందుకని మీరు ప్రగతి నగర్ పోయిన వేళ చూసి, తలుపు సందులో అట్టముక్క దోపి వద్దామని వచ్చాను. మీ బండి ఇంత వేగంగా పోతుందనుకోలేదు. మళ్లీ అదే సందు. ఈసారి మూడు గంటలు.

బాబూ, వినకూడదనే అనుకున్నాను. చెవులు మూసుకుందామంటే వీపుతో పాటు చేతులు కూడా తలుపు మీదే ఉన్నాయి. పాట అయ్యాక ఆ పిల్ల, "ఇంకేమైనా చెప్పాలా బాలూ?" అన్నది. మీరు మైకు దూరం గురించి చెప్పారు. మళ్లీ, "ఇంకా?" అన్నది. తీగల కంపెనీ గురించి చెప్పారు. మూడోసారి, "అంతేనా?" అన్నది. "బియ్యం బస్తాలు శబ్దాన్ని పీల్చుకుంటాయండి," అన్నారు.

నేను మాట రాని మనిషిని. నాకే ఓపిక పోయింది. లేచి నిలబడి మీ తరఫున నేనే చెప్పేద్దామా అనుకున్నాను. కాలు తిమ్మిరెక్కి లేవలేకపోయాను. లేకపోతే ఇవాళ మీ పెళ్లి మాటలు మొదలయ్యేవి.

మూడుసార్లు అడిగిన పిల్ల ఆకాష్ దగ్గరికి పోదు. నాలుగోసారి అడగదు కూడా. ఇవాళ ఆఫీసులో చెప్పండి. నోట మాట రాకపోతే రాసి ఇవ్వండి. నాకు రాసినంత బాగా రాస్తే చాలు, బియ్యం సంగతి మాత్రం వద్దు.

మీరు ఆ పిల్లను దింపడానికి పోయాక అట్టముక్క గట్టిగా దోపాను. ఇక మీదట నా వీపు అక్కర లేదు. రెండో తాళంచెవి ఈ ఉత్తరంతో పాటు పెట్టాను.

ఇట్లు,
రామచంద్రం

తా.క. ఆదివారం అంతసేపు ఏడికి పోయినవని కిష్టమ్మ నిలదీసింది. తొందరలో బ్యాంకుకు అన్నాను. "అయితారం నాడు ఏ బ్యాంకయ్యా?" అన్నది. బాలు గారు తీసుకుపోయారు, ఆయనకు తెలుసు అన్నాను. ఆమె ఇప్పుడే కిందికి దిగుతున్నది. నమ్మేలా ఏదో ఒకటి చెప్పండి.