పీతల వాటా

నాగాయలంక,
జూలై 6.

మార్తమ్మ గారికి,

ఉషశ్రీ చేతులు జోడించి రాస్తున్నది. చించెయ్యకుండా చివరిదాకా వినండి. హెప్సిబా, కోపం వచ్చినా సరే, అమ్మకు మొత్తం చదివి వినిపించు. నాలుగుసార్లు ఫోన్ చేస్తే మీరు ఎత్తలేదు. మీ స్థానంలో ఉంటే నేనూ ఎత్తను. కిందటి వారం బెంజ్ సర్కిల్ దగ్గర హెప్సిబా పనిచేసే బట్టల కొట్టుదాకా వచ్చాను కూడా. లోపలికి రావడానికి ముఖం చెల్లక, ఎదురుగా నిలబడి ఒక చెరుకురసం తాగి తిరుగు బస్సెక్కాను.

మనం నాటిన మడ అడవి మొక్కలను నరికింది మీరు కాదు, పీతలు. ఈ ఒక్క ముక్క రాయడానికి మూడు కాగితాలు చించాను.

మీ మేకల కోసం మొక్కలు కోస్తున్నారని, కాపలా ఉండాల్సిన మనిషే దొంగ అయిందని, రేవులో పదిమంది ముందు నోటికి ఎంతొస్తే అంత అన్నాను. మిమ్మల్ని పనిలోంచి తీయించాను. మీరు మేకలను అమ్ముకుని విజయవాడ వెళ్లిపోయాక కూడా మొక్కలు తెగుతూనే ఉన్నాయి, కొడవలితో కోసినట్టు, ఏటవాలుగా. మొదట కోపం వచ్చింది. తర్వాత భయం వేసింది.

మూడు మధ్యాహ్నాలు పడవలో ఒక్కదాన్నే కూర్చున్నాను. పోటు నీళ్లు వెనక్కి వెళ్లాక బురదంతా మెరుస్తూ ఉంటుంది కదా, చెట్లు నేల మీద ఉన్నాయో ఆకాశంలో ఉన్నాయో తెలియదు. ఎక్కడా చప్పుడు లేదు. నిద్రో మెలకువో తేలని ఆ వేళలో బొరియల్లోంచి ఎర్ర పీతలు ఒక్కొక్కటే పైకి వచ్చాయి. ఒకటి మొక్క మొదట్లో చేరి, తొందరేమీ లేకుండా కొరకడం మొదలుపెట్టింది. మొక్క కాసేపు నిలబడే ఉంది. తర్వాత మెల్లగా, నీళ్లలో మునుగుతున్నట్టు ఒరిగింది. పీత దాన్ని బొరియలోకి లాక్కుపోతుంటే అలా చూస్తూ ఉండిపోయాను. అంత అందంగా ఉంది మార్తమ్మ గారూ, అంత అందమైనదాన్ని చూస్తూ వెక్కివెక్కి ఏడ్చాను.

ఇంకా ఉంది. కూలీలకు జ్వరాలొచ్చి శుభ్రం చెయ్యకుండా వదిలేశామే, కాలవ అవతలి ముక్క, అక్కడ ఒక్క మొక్క తెగలేదు. అక్కడి పీతలు పండి రాలిన మడాకులను ఒక్కొక్కటే బొరియల్లోకి లాక్కుంటున్నాయి. ఇవతల ఆ ఆకులేవీ? నేనే ఏరించాను. మాది ఉయ్యూరు పక్క. మా నాన్న రామకోటేశ్వరరావు గారి వరిచేలో కలుపన్నది కనబడదు. బురదలో మొక్క నాటితే చుట్టూ చెత్త ఉండకూడదని తప్ప నాకేం తెలుసు? రాలిన ఆకునంతా గోతాలకెత్తించి ఏట్లో పోయించాను. తిండి లాగేసుకుంటే అవి మాత్రం ఏం చేస్తాయి?

మనచేత మొక్కలు నాటిస్తున్న సంస్థ వాళ్లకు జరిగిందంతా రాశాను. మీ పని మీకు ఇస్తామన్నారు. ఆగస్టులో మళ్లీ నాటుతున్నాం. క్షమించమని అడగడానికి కూడా సిగ్గుగా ఉంది, అయినా అడుగుతున్నాను. మీరు తిరిగి రండి.

మీ
ఉషశ్రీ


విజయవాడ,
జూలై 14.

ఉషమ్మ గారికి మార్త రాయించేది.

మీ ఉత్తరం హెప్సిబా రెండుసార్లు చదివింది. ఇప్పుడు నేను చెబుతుంటే అదే రాస్తంది. నా మాట ఒక్కటి కూడా మార్చొద్దన్నా.

ఇక్కడ ఫ్లాట్లలో మెట్లు తుడుస్తన్నానమ్మా. కష్టమేం లేదు. కళ్లు మూస్తే మాత్రం ఏటి నీళ్లు ఒక్కో మెట్టూ ఎక్కి వస్తన్నట్టే ఉంటది. పోటు టయానికి మెలకువ దానంతటదే వస్తది. లేచి కూర్చుని ఎక్కడున్నానా అనుకుంటా.

పీతలని నాకు ముందే తెలుసు. మీరు ఆకంతా గోతాలకెత్తించిన రోజే తెలుసు. చెబుదామనే వచ్చా. "మార్తా, నీ పని కాపలా, అది చూసుకో చాలు" అన్నారు. మీకు గుర్తుండదులే. నాకు ఒళ్లు మండింది. సరే, పోతే పోనీ అని ఊరుకున్నా. తర్వాత మొక్క తెగినప్పుడల్లా లోపల్లోపల సంబరపడ్డానమ్మా, దేవుడు చూశాడు. మీరు తెలీక చంపారు. నేను తెలిసి చూస్తా కూర్చున్నా. రేవులో మీరు మేకల మాట ఎత్తినప్పుడు నాకు నోరు పెగల్లేదు చూడండి, అందుకే. పీతలంటే, మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటారు కదా.

ఈసారి ఎండుటాకు జోలికి పోమాకండి, అది పీతల వాటా. మొక్క లేతగా ఉన్నన్నాళ్లు దాని చుట్టూ వెదురు బొంగు ముక్క తొడగండి. కాండం ముదిరాక తీసెయ్యొచ్చు.

నేనొస్తా. కానీ నన్ను దొంగన్నది రేవులో, పదిమందిలో. క్షమించమన్నది మాత్రం కవర్లో పెట్టి నా ఒక్కదానికే పంపారు. అది నాకు సరిపోలేదమ్మా. మీ ఉత్తరం మీకే తిప్పి పంపిస్తన్నా. ఆదివారం ప్రార్థన అయ్యాక వలలోళ్లంతా రేవులో ఉంటారు. అక్కడ నిలబడి గట్టిగా చదవండి.

మీది అయ్యాక ఈ నా ఉత్తరం కూడా చదవండి. నేను చేసింది ఎక్కడా దాటెయ్యమాకండి. నేను జనంలోనే ఉంటా.

మార్త