వదులు మూతలు

నవంబరు 6, బుధవారం

అత్తయ్యగారికి,

మీ కోడలి నమస్కారాలు. ఇక్కడ ముగ్గురం బాగానే ఉన్నాం. మీరు క్షేమంగా చేరారని మీ అబ్బాయి చెప్పారు. మోకాళ్ళకి రాసుకునే మందు సీసా మా బాత్రూంలో మరిచిపోయారు, పార్సిల్లో పంపుతున్నాను. మూత గట్టిగా బిగించాను, భయపడకండి.

మర్యాదలు అయిపోయాయి. ఇక అసలు సంగతికి వస్తాను. ఫోన్ చేస్తే మీరు ఎత్తడం లేదు. ఎత్తినా నేను నాలుగు మాటలు అనేలోపు ఏడుస్తారు, మీరు ఏడిస్తే నా నోరు కట్టుబడిపోతుంది. అందుకే కాగితం పట్టుకున్నాను.

నిన్న మీ అమ్మాయి ఫోన్ చేసింది. వదినా, పిల్లని మాడుస్తున్నావటగా, బిస్కెట్లు అందకుండా పైన పెట్టి ఏడిపిస్తున్నావటగా, కన్నతల్లివేనా అని అడిగింది. నాకు ఒళ్ళు భగ్గుమంది. మూడు వారాలు మా ఇంట్లో ఉండి మీరు చూసింది ఇదేనా? ఊరంతా చాటింపు వేయడానికి ఇదేనా దొరికింది?

పిచ్చుక అని దానికి పేరు పెట్టింది మీరే. పుట్టినరోజునే నోరు తెరిచి కిచకిచమంటూ ఊరుకోలేదని. వచ్చే నెల అయిదు నిండుతాయి, ఆ నోట్లోంచి నాలుగు మాటలు రావు. వేళ్ళలో పట్టు లేదు. బొత్తాం పెట్టుకోలేదు, చెంచా రెండు నిమిషాలు నిలబెట్టి పట్టుకోలేదు. అందుకే ఆ ఇద్దరు థెరపిస్టుల చుట్టూ తిరుగుతున్నాం. మాటలావిడ, చేతులావిడ అని మీరు వాళ్ళకీ పేర్లు పెట్టారు. పేర్లు పెట్టడంలో మీకు సాటి లేరు.

వాళ్ళు చెప్పింది మంత్రాలు కాదు, ఇంటి పనులే. పిండి పిసికించమంది చేతులావిడ. తడి రుమాలు పిండించమంది, ఆరేసిన సాక్సులకి క్లిప్పులు పెట్టించమంది. మాటలావిడేమో, కావలసినవి కంటికి కనబడాలి, చేతికి అందకూడదు అంది. ఎండుద్రాక్ష సీసా బిగించి చేతికివ్వండి, అది మీ మొహంలోకి చూసి ఏదో ఒక శబ్దం చేసేదాకా ఆగండి అంది. ఆగడం మాటలనుకున్నారా? కన్నబిడ్డ సీసా పట్టుకుని గిజగిజలాడుతుంటే రాయిలా కూర్చోవడం మీవల్ల అవుతుందా? నావల్లా కాదు. అయినా కూర్చున్నాను. ఎండాకాలంలో ఒకనాటి సాయంత్రం సీసా నా ఒళ్ళో పెట్టి 'తి' అంది. తియ్యి అనడానికి. సంతోషంలో ఎటు తిప్పాలో తెలియక, ఆ మూత నాకే రాలేదు.

అప్పుడు మీరు వచ్చారు. నేను లాండ్రీలో కౌంటరు దగ్గర నిలబడి ఊళ్ళోవాళ్ళ చొక్కాలు లెక్కపెట్టుకుంటుంటే, ఇంట్లో మీరు మూతలన్నీ వదులు చేసుకుంటూ కూర్చున్నారు. ఎండుద్రాక్ష సీసా సరే, నా టిఫిన్ డబ్బా ఏం పాపం చేసిందండీ? కూరంతా కారి ఒకాయన పెళ్ళికోటు మీద పడింది. డబ్బా సరిగ్గా మూయలేదని నేను మీ అబ్బాయిని నానా మాటలూ అన్నాను. ఆయన అన్నీ పడి, డబ్బా తీసుకెళ్ళి కడిగారు. అమ్మ పనేనని ఆయనకి తెలుసట! కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఆ సంగతి ఆయనతో వేరుగా తేల్చుకుంటాను.

సోమవారం స్కూలుకి తీసుకెళ్ళాం. మామూలు స్కూలు, అందరు పిల్లలూ చదివేది. మంచినీళ్ళో సాయమో ఏదో ఒక రకంగా అడగగలిగితే చాలు, చేర్చుకుంటామంది పెద్ద టీచరు. ఎర్ర కారుబొమ్మ ఒకటి సీసాలో వేసి, మూత బిగించి, పిచ్చుక చేతికిచ్చింది. పిచ్చుక ఒకసారి తిప్పి చూసింది. రాలేదు. సీసా నేలమీద పెట్టేసి, గోడ దగ్గరికెళ్ళి చేతులు కట్టుకుని కూర్చుంది. నా వైపు చూడలేదు, టీచరు వైపు చూడలేదు. మూడు వారాలుగా దానికి ఎవరితోనూ పని పడలేదు మరి. ముట్టుకుంటే మూత వచ్చేస్తుంటే ఇంకొకళ్ళ మొహం చూడడం దేనికి? వచ్చే వారం శుక్రవారం ఇంకొక్కసారి చూస్తాను, అప్పటికీ అడగకపోతే మళ్ళీ ఏడాదే అంది టీచరు.

ఇంటికొచ్చి ఉప్పు డబ్బా ఎత్తితే మూత నా చేతిలో, డబ్బా నేలమీద. వంటిల్లంతా ఉప్పు. అప్పుడు వెలిగింది నా బుర్రలో. తర్వాత మనిద్దరం అనుకున్నవి మళ్ళీ రాయను, పక్కింటివాళ్ళకి కూడా కంఠతా వచ్చి ఉంటాయి. అడిగితే గానీ పెట్టని తల్లి ఎక్కడన్నా ఉందా అన్నారు మీరు. అడగందే అమ్మయినా పెట్టదన్న సామెత నేను పుట్టించలేదు కదా!

కానీ గుమ్మంలో చెప్పులేసుకుంటూ మీరన్న మాట మాత్రం నన్ను వదలడం లేదు. మామయ్యగారు పోయాక అన్నదమ్ముల పంచన సబ్బుముక్క దగ్గర్నుంచి అడుక్కుని బతికాను, నా మనవరాలు ఎవరినీ దేనికీ అడక్కూడదు అన్నారు. చెప్పేసి బస్సెక్కారు. నాకు జవాబు చెప్పే వీలివ్వలేదు, అందుకే ఇప్పుడు చెబుతున్నాను. మీరు అడిగినవాళ్ళు పాడువాళ్ళు. మీ చేత దేబిరింపించుకున్నారు. ఆ కోపం వాళ్ళమీద చూపించండి, నా సీసాల మీద కాదు. పిచ్చుక అడిగితే ఇవ్వడానికి మేమంతా కాచుకుని ఉన్నాం. కడుపునొప్పి వస్తే చెప్పుకోలేని పిల్ల రేపు మనం లేనప్పుడు ఏం చేస్తుంది? ఎవరు వచ్చి దాని మూతలన్నీ వదులు చేసి పెడతారు? నాకు పగలూ రాత్రీ అదే భయం. మీకు ఆ భయం లేదా?

ఇప్పుడు ఇంట్లో మూతలన్నీ మళ్ళీ బిగించాను. మీ అమ్మాయికి నిజం మీరే చెప్పండి. నేను చెబితే మర్యాదగా ఉండదు.

కోపంతోనే, కానీ గౌరవం మరవకుండా,
మీ కోడలు

తా.క.: గురువారం పొద్దున. కవరు అంటించబోతూ మళ్ళీ విప్పాను.

ఇందాక పిచ్చుక షెల్ఫు కిందికి స్టూలు జరుపుకుని ఎండుద్రాక్ష సీసా దింపుకుంది. నేను తలుపు పక్కన నిలబడి చూస్తున్నాను. సీసాని పొట్టకి ఆనించుకుని, రెండు చేతులతో, పళ్ళు బిగబట్టి తిప్పింది. వచ్చేసింది! నేను బిగించిన మూత. మీ వదులు మూతల మీద తిప్పి తిప్పి మణికట్టుకి బలం తెచ్చుకుందన్నమాట. ఇది ఒప్పుకోవడానికి నాకు ఎంత మంటగా ఉందో మీకు చెప్పలేను.

అది ఒక్క ఎండుద్రాక్ష కూడా తినలేదు. మూత మళ్ళీ పెట్టింది. కష్టపడి బిగించింది. సీసా ఎత్తుకుని కిటికీ దగ్గర మీరు కూర్చునే కుర్చీ దగ్గరికి వెళ్ళి, దాంట్లో పెట్టి, తియ్యి అంది. 'తి' కాదండీ, పూర్తిగా, తియ్యి అని. ఖాళీ కుర్చీతో. కాసేపు ఆగి, మళ్ళీ అంది.

నేను వెళ్ళి మూత తీశాను. నా చెయ్యి తోసేసింది.

స్కూల్లో మళ్ళీ చూసే ఆ శుక్రవారంలోపు రండి. అడగందే మీరయినా రారు కాబట్టి అడుగుతున్నాను. మూతలు మాత్రం బిగించే ఉంటాయి, ముందే చెబుతున్నాను.