అత్తయ్య ఎంచిన టెంటు

మౌలాలి, 12-11-2003

అమ్మా, ఇక్కడ అందరం కులాసా. మా ఆఫీసు వాళ్లతో కొండలెక్కడానికి వెళ్లొద్దని అత్తయ్య నెల్రోజులుగా ఒకటే పోరు. ఆదివారం ఇద్దరు పట్టే తేలిక టెంట్లు రెండు తెచ్చి డాబా మీద వేసి చూశాం. కిలోన్నరది నాకు నచ్చింది గానీ దానికి ఒక పక్కే గుమ్మం. బయటికి రావాలంటే పడుకున్న నీ అల్లుణ్ణి దాటాలి. దాటేశాను.

"మొగుణ్ణి దాటేస్తావేటే! వెనక్కి దాటు!" అని అత్తయ్య కేకేసి మళ్లీ దాటించారు. రెండు పక్కలా గుమ్మాలున్న టెంటే కొనమన్నారు. అరకిలో బరువెక్కువ, నీ అల్లుడే మోస్తారట.

కింద పరవడానికి నీ పాత నేతచీర పంపు. తమ్ముడికి దగ్గు తగ్గిందా? నాన్నకు నా దణ్ణాలు చెప్పు.

టెంటు హడావుడిలో పడి అత్తయ్య వెళ్లొద్దనడం మర్చిపోయారు. ఫోన్ చేసినప్పుడు నువ్వు గుర్తుచెయ్యకు.

నీ సుధ