యాదమ్మ పేపర్లో నేను కొట్టేసిన భూమి

శంషాబాద్, 1997 జనవరి, శుక్రవారం

ఇవాళ టీచర్ల ట్రైనింగులో చెప్పారు. ఇంగ్లీషులో మిగతా గ్రహాలతో పాటు భూమి పేరు రాసేటప్పుడు ‘ది’ లేకుండా, పెద్ద అక్షరంతో రాస్తే సరైనదేనట. నా పెన్ను ఆగిపోయింది. మా తొమ్మిదో తరగతి యాదమ్మ హాఫ్ ఇయర్లీలో అలాగే రాసింది. నేను ఎర్రసిరాతో కొట్టేశాను. ఒక్క మార్కు తక్కువై ఇంగ్లీషు తప్పింది. ఆ పేపరూ మార్కుల కార్డూ చూసి వాళ్ల బాపు బడి మాన్పించాడు.

సాయంత్రం తిన్నగా వాళ్ల ఊరు తొండుపల్లి వెళ్లాను. తండ్రీకూతుళ్లు టమాటాలు తెంపుతున్నారు. పిల్లను మళ్లీ బడికి పంపమన్నాను.

“ఎందుకు సారూ? మీరు కొట్టేసిన్రంటే తప్పే అయ్యుంటది. దీనికి సదువు రాదు,” అన్నాడాయన.

యాదమ్మ తల దించుకుంది. “సార్ మంచిగనే చెప్పిండు బాపూ. నేనే తప్పు రాసిన.”

తప్పు నాదేనని అప్పుడైనా అనాల్సింది. ఆ ‘సారూ’ అనే పిలుపు పోతుందని భయపడ్డాను. ఆయన నా సంచి నిండా టమాటాలు పోస్తే తీసుకుని వచ్చేశాను.

రేపు వెళ్లి నిజం చెబుతానని ఇక్కడ ఒక వాక్యం రాశాను. చదువుకుని, నేనే కొట్టేశాను.