వంటింటి పక్క తలుపు

లేక్సాండ్, డిసెంబరు 9

మారిట్, నేను కులాసాగానే ఉన్నాను, ఒక్క సంగతి తప్ప.

క్రిస్మస్‌కు అల్లం బిస్కెట్లతో ఇల్లు కట్టడానికి నిన్న మన పాత పక్కింటి గున్‌వోర్ వచ్చింది. ఈసారి మనం అమ్మేసిన పాత ఇంటినే కడదామనుకున్నాం. నేను అట్టల మీద కొలిచి గీసి, పిండి కోసి కాల్చాను. కాచిన చక్కెరతో గోడలు అతికించాక, ఆవిడ వంటింటి గోడ మీద తెల్లటి ఐసింగ్‌తో తలుపు గీసింది.

"అక్కడ తలుపెక్కడిదే?" అన్నాను.

"బాగుంది వరస. ముప్ఫై ఏళ్లు నీ కాఫీ కోసం ఆ తలుపు తోసుకునేగా వచ్చాను. నీ కొలబద్ద మరిచిపోయినా నా కాళ్లు మరిచిపోవు," అంటూ దానికి పిడి కూడా పెట్టింది.

ఫోటోల్లో ఆ గోడకు ఆపిల్ చెట్టు అడ్డం. తలుపు లేదనే అనుకుంటాను. అంతలోనే ఆ గడప దగ్గర నీ బూట్ల బురద తుడిచినట్టు గుర్తొస్తుంది.

మనవడికి ఉన్ని మేజోళ్లు సరిపోయాయా? భోజనం దగ్గర మీ ఆయన ఆర్విడ్‌ను పుస్తకం తెరవనివ్వకు.

తలుపు ఉండేదో లేదో వెంటనే రాయి. నేను బాధపడతానని దాచవద్దు. మా ఇద్దరిలో ఎవరు ఎవరిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలో నీ జవాబును బట్టి తేలుతుంది. మీ అందరినీ దేవుడు చల్లగా చూడాలి.

అమ్మ