దించినవాడికే తాళంచెవి

రాజలింగూ,

క్షేమమా అని అడగను. తార్నాకలో మీ అక్క చేతి వంట తింటున్నవాడికి క్షేమానికేం లోటు?

ఆదివారం మీటింగులో నన్ను హాస్టలు మెస్ సెక్రటరీ పదవి నుంచి దించావు. రోజూ మాంసం కావాలనేవాళ్లూ, మాంసం వాసనే తగలకూడదనేవాళ్లూ నీ మాట మీద కలిసి చేతులెత్తారు. మరి కొత్త సెక్రటరీ ఎవరంటే, ఏ పేరుకూ పది చేతులు లేవలేదు. నువ్వేమో "ఇగ మీరే జూసుకోండ్రి" అని బస్సెక్కావు.

పోయిన నెల సెమినార్‌లో బల్ల గుద్ది చెప్పింది నువ్వే కదా? పాత జర్మనీలో బద్ధశత్రువులు ప్రభుత్వాన్ని కూల్చడానికి కలిసేవారు, నిలబెట్టడానికి కలిసేవారు కారు అన్నావు. అందుకే రెండో ప్రపంచయుద్ధం తర్వాత, కొత్త నాయకుణ్ని ఎన్నుకోకుండా ఉన్నవాణ్ని దించకూడదని రాజ్యాంగంలో రాసుకున్నారన్నావు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేనే, బుద్ధిలేక.

సామాన్ల గది తెరిచే అధికారం ఎవరికీ లేక నిన్నటి నుంచి పొయ్యి వెలగలేదు. అందుకే తాళంచెవి నీకు పంపుతున్నాను. తెచ్చినవాడు మన వంటమనిషి కొమురెల్లి. "ఏం వండాలె సార్?" అని అడుగుతాడు. నువ్వు జవాబు చెప్పేదాకా గుమ్మం దిగవద్దన్నాను.

కిటికీలోంచి కూడా ఒకసారి చూడు. హాస్టలంతా అతని వెనకే వచ్చింది. మాంసం కావాలన్నవాళ్లు ఎడమవైపు, వద్దన్నవాళ్లు కుడివైపు.

అక్కను ఎసట్లో బియ్యం కాస్త ఎక్కువ పొయ్యమను.

నువ్వు దించినవాడు